బాయిలర్ ఆగింది తొమ్మిది రోజులు, ఇన్సూరెన్స్‌తో గొడవ ఆరు నెలలు

జనవరి 4, 2025, శనివారం రాత్రి పదకొండు దాటింది. పాపకి పాలు పట్టడానికి లేచాను. కాళ్ళ కింద నేల ఐసులా ఉంది. గదిని వేడి చేసే రేడియేటర్ మీద చెయ్యి పెడితే గోడ కన్నా చల్లగా తగిలింది. కిందికి వెళ్ళి వంటింట్లో అలమర తలుపు తీసి చూస్తే బాయిలర్ మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటోంది, ప్రెషర్ గేజ్ ముల్లు సున్నా మీద పడి ఉంది. ఇంట్లో ఏడు నెలల పాప. నవంబర్‌లో గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ. ఆవిడకి ఇదే మొదటి ఇంగ్లండ్ చలికాలం.

మేముండేది రెడింగ్‌లో. 2021లో ఇల్లు కొన్నప్పుడే ఈ కాంబి బాయిలర్ ఉంది, ఇప్పుడు దానికి పదేళ్ళు. రేడియేటర్లకీ కుళాయిలకీ వేణ్ణీళ్ళు ఇచ్చేది అదొక్కటే, వేరే ట్యాంకు లేదు. ఆగితే రెండూ ఆగిపోతాయి. అందుకే మొదటి రోజు నుంచీ నెలకి 19 పౌండ్లు కట్టి బాయిలర్ రిపేర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. మూడేళ్ళలో ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఆ రాత్రి అమ్మకి ఇంకో దుప్పటి కప్పుతూ "ఇన్సూరెన్స్ ఉందిలే అమ్మా, రేపు వచ్చి బాగు చేస్తారు" అన్నాను. నిజంగా అలాగే జరుగుతుందనుకున్నాను.

నిజానికి డిసెంబర్ మొదటి వారం నుంచే ముల్లు దిగుతోంది. బాయిలర్ కింద ఫిల్లింగ్ లూప్ అని వెండి రంగు గొట్టం ఒకటి ఉంటుంది. దాని ట్యాప్ తిప్పితే మెయిన్ నీళ్ళు లోపలికి వెళ్ళి ప్రెషర్ పెరుగుతుంది. మొదట్లో పది రోజులకొకసారి తిప్పేదాన్ని, క్రిస్మస్ నాటికి రెండు రోజులకొకసారి అయింది. ఎక్కడా తడి లేదు, సీలింగ్ మీద మరక లేదు కాబట్టి ఊరుకున్నాను. అది నా పొరపాటు. ప్రెషర్ తగ్గుతోందంటే నీళ్ళు ఎక్కడికో పోతున్నట్టే కదా. ఆ ఎక్కడికో అనేది అప్పుడే వెతకాల్సింది.

ఆదివారం పొద్దున్నే ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను. సగం మంది "కండెన్సేట్ పైపు గడ్డకట్టి ఉంటుంది" అన్నారు. బాయిలర్‌లోంచి బయటికి వెళ్ళే తెల్ల ప్లాస్టిక్ గొట్టం అది, గట్టి చలికి లోపల నీళ్ళు గడ్డకడితే బాయిలర్ ఆగిపోతుంది. మా ఆయన గోరువెచ్చటి నీళ్ళు పోశాడు (మరిగే నీళ్ళు పోస్తే గొట్టం పగులుతుందట). ఏమీ మారలేదు. ఒకావిడ మాత్రం విడిగా ఫోన్ చేసి, "బాయిలర్ వెనక గోడలోంచి బయటికి చిన్న రాగి గొట్టం వస్తుంది చూడండి, దాని మూతికి ప్లాస్టిక్ కవర్ కట్టి ఉంచండి" అంది. ఫ్రీజర్ కవర్ ఒకటి తెచ్చి రబ్బర్ బ్యాండ్‌తో బిగించాను.

తర్వాత ప్రెషర్ 1.2 బార్ దాకా నింపి, బాయిలర్ ఆన్ చేసి, గేజ్ ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు వీడియో తీశానో నాకే తెలియదు, బహుశా ఇంజనీర్‌కి చూపించొచ్చని. మామూలుగా వేడెక్కినప్పుడు ముల్లు కొంచెమే కదులుతుంది, మాకు ఎప్పుడూ రెండు లోపలే ఉండేది. ఆ రోజు నా కళ్ళ ముందే ఎనిమిది నిమిషాల్లో 1.2 నుంచి 3 దాకా ఎక్కింది. మూడు దగ్గర గోడ అవతల చుయ్‌మన్న చప్పుడు, ముల్లు మళ్ళీ దిగడం. బయటికి పరిగెత్తి చూస్తే కవర్ పెరుగు ప్యాకెట్‌లా ఉబ్బి ఉంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. నెల రోజుల నుంచి మా నీళ్ళు పోతున్నది అక్కడికన్నమాట, పెరట్లో కంకర రాళ్ళ మీదికి. కాబట్టే ఇంట్లో ఎక్కడా తడి కనిపించలేదు.

ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే 47 నిమిషాలు హోల్డ్. పసిపాప ఉందని, అరవై రెండేళ్ళ అమ్మ ఉందని చెబితే సోమవారం పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య వస్తామన్నారు. బట్టల కింద చేతులు దాచుకుని కూర్చున్న అమ్మకి ఆ మాట చెప్పాను. ఆవిడ అప్పటికే పెద్ద గిన్నెతో స్టవ్ మీద నీళ్ళు పెట్టేసింది. పాపకి నూనె రాసి స్నానం చేయించడం ఆవిడకి పూజ లాంటిది, అది ఒక్కరోజు కూడా ఆగకూడదు. గిన్నె గిన్నెకీ వంటింట్లోంచి పైకి మెట్లెక్కి మోసింది. తెచ్చేలోపే సగం చల్లారిపోయేవి.

సోమవారం 12:40కి ఇంజనీర్ వచ్చాడు. మర్యాదస్తుడే, బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాడు. వీడియో సంగతి, కవర్ సంగతి చెప్పాను. వింటూనే "ముందు నీళ్ళు చూద్దాం" అని కింద టాయ్‌లెట్‌లో ఉన్న చిన్న రేడియేటర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ రేడియేటర్ మేము ఎప్పుడూ ఆపే ఉంచుతాం. ఒక గ్లాసు అడిగాడు, అమ్మ ఇచ్చింది. రేడియేటర్ అడుగున నట్టు వదులు చేసి అర గ్లాసు నీళ్ళు పట్టాడు. నల్లగా వచ్చాయి. "బొగ్గు కడిగిన నీళ్ళలా ఉన్నాయే" అంది అమ్మ. అతను ఆ గ్లాసుని తెల్ల వాష్ బేసిన్ అంచు మీద పెట్టి రెండు ఫోటోలు తీశాడు. తర్వాత బాయిలర్ ముందు తలుపు తీసి, టార్చి వేసి చూసి, మళ్ళీ మూసేశాడు. "స్లడ్జ్ ఎక్కువగా ఉంది, ఆఫీసు వాళ్ళు చెబుతారు" అని వెళ్ళిపోయాడు. స్లడ్జ్ అంటే రేడియేటర్ల అడుగున పేరుకునే నల్లటి తుప్పు మడ్డి. వచ్చినప్పటి నుంచీ వెళ్ళేదాకా అరగంట కూడా కాలేదు.

మంగళవారం, జనవరి 7, ఉదయం తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది. సిస్టమ్‌లో స్లడ్జ్ ఉంది కాబట్టి ఈ రిపేర్ కవర్ కాదు, పవర్ ఫ్లష్ చేయించుకున్నాక మళ్ళీ క్లెయిమ్ చేయొచ్చు. పవర్ ఫ్లష్ అంటే గొట్టాల్లో నీళ్ళు గట్టిగా తిప్పి ఆ మడ్డి కడిగేయడం. అది తామే చేస్తారట, 699 పౌండ్లకి.

ఆ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. కోపం కన్నా ముందు సిగ్గేసింది, మనమేదో ఇల్లు సరిగ్గా చూసుకోలేదేమో అనిపించింది. మా ఆయన "కట్టేద్దాం, పాపకి జలుబు చేస్తే అంతకన్నా ఎక్కువ బాధ" అన్నాడు. తను అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ వారమంతా దేశమే గడ్డకట్టుకుపోయింది, శనివారానికి స్కాట్లండ్‌లోని ఆల్ట్‌నహారాలో మైనస్ 18.9 డిగ్రీలు నమోదైందని వార్తల్లో చెప్పారు. అప్పటికే 45 పౌండ్లకొకటి చొప్పున రెండు ఆయిల్ హీటర్లు కొన్నాం. ఒక్కొక్కటి రెండు కిలోవాట్లు, యూనిట్‌కి సుమారు 25 పెన్సులు, అంటే రెండూ పూర్తిగా నడిస్తే గంటకి పౌండ్. గోడ మీద స్మార్ట్ మీటర్ తెరలో అంకె పెరుగుతుంటే అమ్మ లేచి హీటర్ ఆపేసేది, నేను వెళ్ళి మళ్ళీ వేసేదాన్ని. మా ఇద్దరి మధ్య రోజూ ఇదే.

నన్ను ఆపింది ఒక్కటే ప్రశ్న. స్లడ్జ్ ఉంటే ముల్లు ఎనిమిది నిమిషాల్లో మూడుకి ఎందుకు ఎక్కుతుంది? దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి పాప నిద్రపోయాక పాలసీ పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివాను. 38 పేజీలు. 21వ పేజీలో ఉంది స్లడ్జ్ సంగతి: దాన్ని తీయించుకోమని మేము ముందే మీకు చెప్పి ఉండి, మీరు తీయించకపోతే, దానివల్ల జరిగిన నష్టం కవర్ కాదు. "ముందే చెప్పి ఉండి" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పాలసీలో భాగంగా ప్రతి ఏడాదీ సర్వీసు చేస్తారు, 2024 సెప్టెంబర్‌లో చేసినదాని కాగితం ఈమెయిల్‌లో వెతికాను. దొరికింది. సిస్టమ్ నీళ్ళు అన్న గడి పక్కన "సంతృప్తికరం". సిఫార్సులు అన్న చోట "ఏమీ లేవు". నాలుగు నెలల కిందట వాళ్ళ మనిషే రాసిన మాట. మా ఆయన్ని లేపి చూపించాను. కళ్ళు నులుముకుని రెండుసార్లు చదివి, "సరే, వదలొద్దు" అన్నాడు.

అదే పుస్తకంలో ఇంకొకటి చూసుకోవాలని తర్వాత తెలిసింది. నెలనెలా డబ్బు కట్టేవన్నీ ఇన్సూరెన్స్ కావు, కొన్ని ఉత్త సర్వీస్ ప్లాన్లు. ఇన్సూరెన్స్ అయితే గొడవ ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే స్వతంత్ర సంస్థ) దాకా వెళ్ళొచ్చు, సర్వీస్ ప్లాన్ అయితే చాలావరకు ఆ దారి ఉండదు. మా స్నేహితురాలిది అలాంటి ప్లానే, ఆవిడ అక్కడే ఆగిపోయింది. మాది ఇన్సూరెన్సే అని రెండో పేజీలో రాసి ఉంది.

బుధవారం ఐదుగురికి ఫోన్ చేస్తే ఒకాయన గురువారం సాయంత్రం వస్తానన్నాడు. చూసి లిఖితంగా రిపోర్టు ఇవ్వడానికి 90 పౌండ్లు. గ్యాస్ బాయిలర్ ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనికి అర్హత ఉన్నవాళ్ళ అధికారిక జాబితాలో, ఉండి తీరాలి. ఆయన నంబరు రిజిస్టర్ సైట్‌లో కొట్టి చూశాను. వచ్చాక అడగకుండానే కార్డు తీసి వెనక్కి తిప్పి చూపించాడు, ఏయే పనులకి అర్హత ఉందో ఆ వెనక వైపే రాసి ఉంటుంది.

ఆయన ఏం చేశాడో కొంచెం వివరంగానే రాస్తాను, ఎందుకంటే కేసు మొత్తం దీని మీదే నిలబడింది.

వీడియో చూసి, ఆయన నేరుగా బాయిలర్ లోపల వెనకవైపు ఉన్న ఎర్రటి పళ్ళెం లాంటి ఇనుప డబ్బా దగ్గరికి వెళ్ళాడు. ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటారు. మా ఇంటి రేడియేటర్లలో, గొట్టాల్లో కలిపి సుమారు వంద లీటర్ల నీళ్ళు ఉంటాయట. అవి బాగా వేడెక్కితే రెండు లీటర్ల దాకా పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్ళకి చోటిచ్చేది ఈ డబ్బా. లోపల మధ్యలో రబ్బరు పొర, ఒక వైపు నీళ్ళు, ఇంకో వైపు గాలి. దానికి కారు టైరుకున్నట్టే చిన్న వాల్వు ఉంటుంది. "ఇక్కడ నొక్కితే గాలి రావాలి" అని నన్ను దగ్గరికి పిలిచి, మూత తీసి, చిన్న స్క్రూడ్రైవర్‌తో పుల్లని నొక్కాడు. గాలి రాలేదు. సన్నటి నీటి ధార ఆయన బొటనవేలి మీదుగా మణికట్టు దాకా కారింది. ఒక్క క్షణం ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. "పొర చిరిగిపోయింది. నీళ్ళు పెరిగితే వెళ్ళడానికి చోటు లేదు, అందుకే ప్రెషర్ మూడుకి ఎక్కుతోంది, మూడు దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని బయటికి వదిలేస్తోంది" అన్నాడు. నెల రోజులు తెరుచుకుని మూసుకుని ఆ వాల్వు కూడా ఇప్పుడు సరిగ్గా మూసుకోవడం లేదట.

మరి నల్ల నీళ్ళో అని అడిగాను. ఆయన కూడా గ్లాసే అడిగాడు, అమ్మ మొన్నటి గ్లాసే కడిగి ఇచ్చింది. ఈసారి బాయిలర్ దగ్గరున్న డ్రెయిన్ నుంచి పట్టాడు. పలచటి టీ రంగులో వచ్చాయి. వెనక అమ్మ చెయ్యి పెడితే వేళ్ళు కనిపిస్తున్నాయి. మాగ్నెటిక్ ఫిల్టర్ విప్పితే అయస్కాంతానికి కాటుక పూసినంత పొర అంటుకుని ఉంది, అంతే. ఎప్పుడూ వాడని రేడియేటర్ అడుగున తీస్తే ఎవరింట్లోనైనా నల్లగానే వస్తాయి అన్నాడు. "స్లడ్జ్ కొద్దిగా ఉంది. కానీ పాడైంది దానివల్ల కాదు. మీరు 699 పెట్టి ఫ్లష్ చేయించినా మర్నాడు ముల్లు మళ్ళీ మూడుకే ఎక్కుతుంది" అన్నాడు.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అమ్మకి ఇంగ్లీషు సరిగ్గా రాదు, "ఏమన్నాడే, పెద్ద ఖర్చా?" అని కంగారు పడింది. కాదమ్మా, మన తప్పేం లేదన్నాడు అని చెప్పాను.

వెసెల్, వాల్వు రెండూ మార్చడానికి పన్నుతో కలిపి 385 పౌండ్లు. పార్టు రావడానికి వారాంతం పట్టింది. జనవరి 13, సోమవారం ఉదయం వచ్చి రెండున్నర గంటల్లో బిగించాడు. ఆ రోజు భోగి. పాపకి తొలి భోగి. పదకొండింటికి కుళాయి తిప్పితే ముందు చల్లగా, తర్వాత గోరువెచ్చగా, తర్వాత ఆవిరి కక్కుతూ వచ్చాయి నీళ్ళు. అమ్మ మారు మాట్లాడకుండా పాపని ఎత్తుకుని పైకి వెళ్ళి తలంటు పోసింది. సాయంత్రం రేగిపళ్ళు దొరక్క ద్రాక్షపళ్ళు, చిల్లర నాణేలు కలిపి భోగిపళ్ళు పోశాం. స్వెటర్ లేకుండా, పట్టు లంగా మీదే కూర్చుంది పాప.

పాత వెసెల్‌ని ఆయన తీసుకెళ్ళబోతుంటే ఆపాను. "మంచి పని, ఉంచండి" అన్నాడు. గాలితో తేలిగ్గా ఉండాల్సిన డబ్బా రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువుంది, ఊపితే లోపల నీళ్ళు గలగలమన్నాయి. ఊపుతూ ఒక వీడియో తీసి షెడ్డులో పెట్టాను.

కంప్లయింట్ మాత్రం రిపేరు కోసం ఆగకుండా జనవరి 10నే ఈమెయిల్‌లో పంపేశాను. ఫోన్‌లో మాట్లాడినవి తర్వాత ఎవరూ ఒప్పుకోరు. నాలుగు పేరాలే రాశాను. మీ నిబంధన ఇది, మీరు ముందే చెప్పలేదు, ఇదిగో మీ సర్వీసు కాగితం. పాడవడానికి అసలు కారణం ఇది, ఇదిగో రిపోర్టు, వీడియో. స్లడ్జ్ వల్లే వెసెల్ పాడైందని మీరు అంటుంటే దానికి ఆధారం చూపించండి. చివర్లో, ఇది ఫిర్యాదు అని స్పష్టంగా ఒక వాక్యం. ఫిర్యాదు అందాక వాళ్ళకి ఎనిమిది వారాల గడువు మొదలవుతుంది, ఆలోపు తుది జవాబు ఇవ్వాలి.

అదే రోజు ఇంకో ఈమెయిల్ పంపాను. నా గురించి మీ దగ్గర ఉన్న సమాచారమంతా ఇవ్వండి, ఇంజనీర్ రిపోర్టు, ఫోటోలు, ఫోన్ రికార్డింగులతో సహా అని. ఇది మన హక్కు, డబ్బు కట్టక్కర్లేదు, నెలలోపు ఇవ్వాలి. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంజనీర్ రిపోర్టే ఫైనల్ మేడమ్" అనేవాళ్ళు కానీ ఆ రిపోర్టు చూపించమంటే మాట మార్చేవాళ్ళు. ఇలా అడిగితే ఫిబ్రవరి 10న, సరిగ్గా ఆఖరి రోజున వచ్చింది.

రిపోర్టు ఒకటిన్నర పేజీ. ఇంట్లో గడిపిన సమయం 22 నిమిషాలు. గ్లాసు ఫోటోలు రెండు. కింద పరీక్షల పట్టికలో ఎక్స్‌పాన్షన్ వెసెల్ ప్రెషర్ అన్న వరుసలో "పరీక్షించలేదు" అని ఉంది. వంటింట్లో నిలబడే చదివాను, చదివి కూర్చున్నాను. నెల రోజులుగా మాతో వాదిస్తున్న కాగితంలోనే ఈ మాట ఉంది. వాళ్ళెవరైనా దాన్ని తెరిచి చదివారో లేదో. వెంటనే ఆ ముక్కకి ఎర్ర గీత గీసి ఫిర్యాదుకి జత చేశాను.

ఫిబ్రవరి 28న తుది జవాబు వచ్చింది. తిరస్కరణే. అయితే కారణం మారింది. స్లడ్జ్ గురించి ఒక్క వాక్యం, మిగతాదంతా ఇది క్రమంగా అరిగి పాడైన భాగమని, పైగా నేను నెల రోజులు నీళ్ళు నింపుకుంటూ కాలయాపన చేశానని. జవాబు ఆలస్యమైనందుకు మాత్రం 50 పౌండ్లు ఇస్తామన్నారు. మా ఆయన ఆ 50 తీసుకుంటే కేసు ముగిసినట్టవుతుందేమో అని భయపడ్డాడు, అందుకే తీసుకోలేదు. నాకు మాత్రం ఆ జవాబు చూశాక ధైర్యమొచ్చింది. మొదటి కారణం మీద వాళ్ళకే నమ్మకం ఉంటే రెండోది వెతుక్కునేవాళ్ళు కాదు. పైగా పాలసీ 9వ పేజీలో బ్రేక్‌డౌన్ అంటే ఏమిటో రాసిన చోట, వాడకం వల్ల అరిగి పాడైనవి కూడా వస్తాయని వాళ్ళే రాసుకున్నారు.

తుది జవాబు తేదీ నుంచి ఆరు నెలల్లోపు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చని ఆ ఉత్తరం చివర్లోనే ఉంటుంది. మార్చి 3, సోమవారం ఆన్‌లైన్‌లో ఫారం నింపాను. మనకి ఖర్చేమీ లేదు, లాయర్ అక్కర్లేదు. నలభై నిమిషాలు పట్టింది. అందులో ఎక్కువసేపు పట్టింది "మీకు ఏం జరిగితే న్యాయం జరిగినట్టు?" అనే గడి దగ్గర. మొదట కోపంగా పెద్ద వ్యాసం రాసి, చెరిపేసి, అంకెలు మాత్రమే రాశాను: రిపేరు 385, రిపోర్టు 90, హీటర్లు 90, కరెంటు 68.

తర్వాత ఎదురుచూపు. కేసు చూసే ఇన్వెస్టిగేటర్ పేరు మే 15న వచ్చింది. అప్పటికి అమ్మ ఇండియా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు "ఆ డబ్బు సంగతి ఏమైంది?" అని విమానాశ్రయంలో కూడా అడిగింది. ఈ పది వారాల్లో రెండుసార్లు వదిలేద్దామనిపించింది. నెలకి 19 పౌండ్ల పాలసీ కోసం ఇంత రాత్రి కూర్చోవాలా అని. కానీ షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా ఆ ఎర్ర డబ్బా కనిపించేది.

ఇన్వెస్టిగేటర్ ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఆవిడ అడిగినవి మూడే. అసలు వీడియో ఫైలు, తేదీ, సమయం కనిపించేలా. స్మార్ట్ మీటర్ రోజువారీ లెక్కలు. పాత పార్టు ఇంకా ఉందా లేదా. ఉందని చెబితే, కంపెనీ వాళ్ళకి కావాలంటే వచ్చి చూసుకోమని రాసింది. వాళ్ళెవరూ రాలేదు.

జూన్ 24న ఆవిడ అభిప్రాయం వచ్చింది, ఐదు పేజీలు. క్లెయిమ్ పాలసీ పరిధిలోకి వస్తుందని ముందు మనం చూపాలి. ఫలానా మినహాయింపు కింద ఇవ్వం అంటే దాన్ని నిరూపించాల్సిన బాధ్యత కంపెనీదే. స్లడ్జ్ ఉందని చూపించారు తప్ప దానివల్లే వెసెల్ పాడైందని చూపించలేదు, వెసెల్‌ని అసలు పరీక్షించనేలేదు, ముందే హెచ్చరించిన ఆధారమూ లేదు అని రాసింది. నేను జనవరిలో అర్ధరాత్రి అనుకున్నదే ఇంకొకరి మాటల్లో చదువుతుంటే చేతులు వణికాయి.

అయితే అడిగినదంతా రాలేదు, అది కూడా చెప్పాలి. రిపేరు 385లో నుంచి పాలసీ ప్రకారం మనం భరించాల్సిన ఎక్సెస్ 60 తీసేశారు, 325 వచ్చింది. ఎలాగూ కట్టాల్సిందే, నేను మర్చిపోయాను. రిపోర్టు 90 పూర్తిగా ఇచ్చారు. హీటర్లకి ఏమీ రాలేదు, అవి మా దగ్గరే ఉన్నాయి కదా అన్నారు. కరెంటు 68కి 40 ఇచ్చారు, ఎందుకంటే ఆ తొమ్మిది రోజులు గ్యాస్ వాడలేదు కాబట్టి ఆ మిగులు తీసేశారు. పసిపాపతో చలిలో ఉన్నందుకు, నెలల తరబడి తిప్పినందుకు 150. రిపేరు, రిపోర్టు డబ్బు మీద ఏడాదికి 8 శాతం చొప్పున సాధారణ వడ్డీ. అది సుమారు 17 పౌండ్లు అయింది, దాంట్లోంచి కూడా 20 శాతం ఆదాయపు పన్ను పట్టుకుని పదమూడున్నర ఇచ్చారు. వడ్డీకి పన్ను పట్టుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఈ అభిప్రాయం ఒప్పుకోకపోతే ఎవరైనా సరే అంబుడ్స్‌మన్ తుది నిర్ణయం అడగొచ్చు, అలా అయితే ఇంకొన్ని నెలలు. కంపెనీ ఒప్పుకుందని జూలై 7న కబురు వచ్చింది. జూలై 18, శుక్రవారం బ్యాంకులో 618 పౌండ్ల చిల్లర పడింది. క్షమాపణ ఉత్తరం కూడా వచ్చింది, ఒక పేరా.

పాలసీ రెన్యువల్ చేయలేదు. ఆ 19 పౌండ్లు నెలనెలా విడిగా దాస్తున్నాం, సర్వీసు జనవరిలో వచ్చిన ఆయనే చేస్తున్నాడు. సర్వీసు కాగితం మీద వెసెల్ ప్రెషర్ ఎంతో అంకె వేయించుకునే సంతకం పెడుతున్నాను. ఆదివారం పొద్దున కాఫీ పెట్టేటప్పుడు అలమర తలుపు తీసి ముల్లు చూస్తాను, 1.3 దగ్గర ఉంటుంది. డబ్బు పడిన రోజు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఎంత వచ్చిందో చెప్పేలోపే "ఆ డబ్బా ఇంకా షెడ్డులోనే ఉందా? పారెయ్యకు, చలికాలం అయ్యేదాకా ఉండనీ" అంది. ఉంది, ఉంచాను.